ఎంత జోరో అంత చిక్కన

ఆ రోజుల్లో మా గార్డెన్ రీచ్‌లో ఇంజిన్ నూనె అంటే ఒకే ఒక్క రకం. డ్రమ్ములోంచి తీసినప్పుడు పాకంలా దిగేది, బండిలోంచి తీసినప్పుడు తారులా దిగేది, మధ్యలో ఏం జరిగిందన్నది బండికీ దేవుడికీ సంబంధించిన వ్యవహారం. ట్యాక్సీకీ అదే, లారీకీ అదే, ఓడరేవు డాక్‌లో సరుకు లాగే ట్రాక్టరుకీ అదే. మా వీధి చివర ఇనప గేటు కిర్రుమంటే దానికీ అదే. కలకత్తాలో ప్రభుత్వం మారక అప్పటికి మూడు దశాబ్దాలు కావస్తోంది. మా డ్రమ్ములో నూనె సంగతీ అంతే, దేన్నయినా మార్చవచ్చునన్న ఆలోచనే ఎవరికీ వచ్చేది కాదు. అలాంటి చోట, నా ఇరవై రెండో ఏట, ఒక టర్బో కారులో ఏ నూనె పొయ్యాలో తేల్చే బాధ్యత నా మీద పడింది. దేశంలో ఇంకెవరూ దొరకనట్టు.

నా మీదే ఎందుకు పడిందంటే, మా గ్యారేజీలో ఇంగ్లీషు చదవగలిగినవాణ్ని నేనొక్కణ్నే. మా నాన్న కార్పొరేషన్‌లో చెత్త లారీ డ్రైవరు. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఈ ఊరి వీధులు ఊడ్చిన కుటుంబాల్లో మాదొకటి. చీపురు నుంచి స్టీరింగు దాకా ఎదగడానికి మాకు రెండు తరాలు పట్టింది. మూడో తరం వాణ్ని నేను బీకాం పాసై ఇంట్లో కూర్చున్నాను. (కూర్చోవడంలో అయితే నాకు ఫస్ట్ క్లాసే వచ్చేది. పరీక్షల్లో రాలేదు.) ఏడాదిపాటు ఓపిక పట్టిన నాన్న, ఒకరోజు నన్ను తనకు తెలిసిన గ్యారేజీకి తీసుకెళ్లి స్టోరు చూసే పనిలో పెట్టాడు. ఫిల్టర్లు, బెల్టులు, నూనెలు, ఎవరు ఏది అడిగితే అది తీసివ్వడమే పని. అక్కడి పెద్ద మిస్త్రీని అందరూ ఉస్తాద్ అనేవారు. అరవైకి దగ్గరపడిన మనిషి, గడ్డానికి గోరింట, నోట్లో పాన్. పక్కనే ఉన్న మెటియాబ్రుజ్‌లో దర్జీల కుట్టుమిషన్లు బాగుచేస్తూ మొదలుపెట్టి, అక్కడి నుంచి స్కూటర్లకూ, స్కూటర్ల నుంచి కార్లకూ వచ్చినవాడు. నేను బీకాం అని తెలిసిన క్షణమే నాకు 'పొండిత్' అని పేరు పెట్టాడు. బెంగాలీలో పండితుడన్నమాట. ఆ పిలుపులో గౌరవం ఎంత, వెక్కిరింత ఎంత అన్నది రోజూ మారేది. సగటు తీస్తే గౌరవానికి పెద్దగా మిగిలేది కాదు.

ఇంకో సంగతి. మా పేటంతా తెలుగువాళ్లే కాబట్టి ఉస్తాద్‌కి మన మాటలు కొన్ని పట్టుబడ్డాయి. 'ఏటి', 'బేగి', 'ఎల్లు' అనే మూడూ ఆయన నోట బాగా పలికేవి. నన్ను తరమాలనుకున్నప్పుడల్లా బెంగాలీ మధ్యలో వాటిని దట్టించేవాడు: "ఏటి పొండిత్! బేగి, బేగి!" ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి. తర్వాత జరిగినదానికి నా తరఫున ఉన్న సాక్ష్యం ఇదొక్కటే.

నేను చేరి మూడు వారాలైన ఒక గురువారం, మా గ్యారేజీ ముందు ఒక కొత్త డీజిల్ కారు ఆగింది. వెనకాల బూడిదరంగు అక్షరాల్లో 'టర్బో' అని రాసుంది. మా గ్యారేజీ చరిత్రలో అలాంటి బండి రావడం అదే మొదలు. దిగినాయన బ్యాంకు మేనేజరు, గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చి బెహలాలో ఉంటున్నాడు. కొని ఏడాదైనా సీట్లకు ప్లాస్టిక్ తొడుగు తీయలేదు, తలుపు వేసేటప్పుడు రెండు వేళ్లతో, నిద్రపోతున్న పసిబిడ్డ ఉన్న గదికి వేసినట్టు వేశాడు. కంపెనీ వర్క్‌షాపువాళ్లు రెండు వారాల దాకా కుదరదన్నారట. ఆయన అత్తగారేమో ఊరి నుంచి దిగి, శనివారం పొద్దున్నకల్లా పూరీలో జగన్నాథుడి ఎదుట నిలబడాలని మొక్కుకున్నారట. ఐదు వందల కిలోమీటర్లు. నూనె మార్చాల్సిన గడువు దాటిపోయిన బండి.

"మీరు తెలుగువాళ్లా? అమ్మయ్య, బతికించారు!" అన్నాడు నా మాట వినగానే. "చూడు బాబూ, దీనికి మామూలు ఆయిల్ పోస్తే టర్బో పోతుందని మా ఆఫీసులో ఒకాయన భయపెట్టాడు. టర్బో పోతే బండి మొత్తం పోయినట్టేనట. నీ చేతుల్లో పెడుతున్నాను."

నా చేతుల్లో ఏది పెట్టినా కింద పడుతుందని మా అమ్మ చెప్పేది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

కారు సొరుగులోని పుస్తకం తీసి చదివాను. టర్బో అంటే, పొగ బయటికి పోయే దారిలో ఉండే ఒక చిన్న చక్రం. ఆ పొగ తోపుకే తిరుగుతూ ఇంజిన్‌లోకి అదనంగా గాలి నెడుతుంది. నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుందట. అంత జోరుగా తిరిగే ఇరుసును మోసేది సన్నటి నూనె పొర ఒక్కటే. బండి స్టార్ట్ చేసిన మరుక్షణం ఆ పొర అక్కడికి చేరకపోతే ఇనుముకు ఇనుము తగిలి అరుగుతుంది. అందుకని '5W-30' పొయ్యమని రాసుంది. మొదటి అంకె, చల్లగా ఉన్నప్పుడు నూనె ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది. ఎంత చిన్నదైతే అంత పల్చన. రెండోది బాగా వేడెక్కాక సంగతి. మా డ్రమ్ములోదేమో 20W-50. రెండింటికీ మధ్య, మజ్జిగ తేటకూ గడ్డపెరుగుకూ ఉన్నంత దూరం.

మధ్యలో ఉన్న డబ్ల్యూ అక్షరం చలికాలానికి గుర్తు అని చదివాక, నాలోని పండితుడు మేలుకున్నాడు. కలకత్తాలో చలికాలం ఎక్కడిది? (ఉంది. కొంచెం గాలి చల్లబడగానే ఊరు ఊరంతా మంకీ టోపీలు పెట్టుకుని, పరిచయస్తులు ఒకరినొకరు గుర్తుపట్టలేని ఆ రెండు వారాలూ.) ఇది మంచు దేశాలవాళ్లు రాసిన పుస్తకం, మన ఎండకి పనికొస్తుందా అని ఒక అనుమానం పుట్టింది. అనుమానం పుట్టాక దానికి తిండి పెట్టేవాళ్లు కావాలి. ఇద్దరు దొరికారు.

మొదటివాడు ఉస్తాద్. "పుస్తకంలో ఐదు-ముప్పై అని ఉంది ఉస్తాద్" అన్నాను. ఆయన పాన్ ఓ పక్కకి నెట్టి, "అంకెలు నువ్వు చదువుకో. నాకు తెలిసింది ఒక్కటే, నలభై ఏళ్ల కిందట నేర్చుకున్నాను" అని, వేలు గాల్లో గిరగిరా తిప్పుతూ సూత్రం చెప్పినట్టు చెప్పాడు: "జొతో జోరె ఘోరె, తొతో చికొన్ తేల్."

ఎంత జోరుగా తిరిగితే అంత చికొన్ నూనె. బెంగాలీలో పల్చటిదాన్ని అందరూ 'పాత్లా' అంటారు, చిక్కటిదాన్ని 'ఘొనో' అంటారు. పుట్టి పెరిగిన ఊరు కాబట్టి ఆ రెండూ నాకు తెలుసు. ఈ 'చికొన్' ఏమిటి? కుర్తాల మీద కుట్టే చికన్ పని తెలుసుగానీ దాన్ని నూనెలో ఎవరూ వెయ్యరు. ఒక్క క్షణం ఆలోచించాను. తర్వాత నా గుండె ఉప్పొంగింది. మన మాట! 'చిక్కన'! 'ఏటి', 'బేగి'ల తర్వాత ఉస్తాద్ ఇప్పుడు చిక్కనలోకి వచ్చాడు. నా మీద గౌరవంతోనే నా భాషలో చెప్పాడని కూడా అనుకున్నాను. ఆ రాత్రి నోటుపుస్తకంలో గుండ్రటి తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను: 'ఎంత జోరో అంత చిక్కన.' కింద గీత కూడా గీశాను.

రెండోవాడు నాన్న. అన్నాల దగ్గర విషయం చెప్పాను.

"టర్బో అంటే ఏటిరా?"

"పొగతో తిరిగే చక్రం నాన్నా. నిమిషానికి లక్ష సార్లు తిరుగుతాది."

"లచ్చా? ఓలమ్మా!" నాన్న ముద్ద కంచంలో పెట్టేశాడు. "మరి లచ్చసార్లు తిరిగితే అరిగిపోదేటి? నీల్లలాటిది పోస్తే ఎగిరిపోతాది. చిక్కనిదే పొయ్యాల. నూనంటే గంజిరా, చిక్కంగుంటేనే బలం. ముప్పై ఏల్లబట్టి లారీ తోల్తన్నాను, నాకు తెలీదేటి?"

ఇటు ముప్పై ఏళ్లు, అటు నలభై ఏళ్లు. ఎదురుగా ఒక పుస్తకం, దాన్ని చదివిన బీకాం పాసు. బలాబలాలు చూసుకుని పుస్తకమే వెనక్కి తగ్గింది.

అయినా శుక్రవారం పొద్దున్న నా మనసు మళ్లీ ఊగింది. స్టోరులో పై అరలో దుమ్ము పట్టిన ఐదు-ముప్పై డబ్బాలు కొన్ని ఉన్నాయి, ఎవరో కంపెనీ మనిషి నమూనాకి అంటగట్టి పోయినవి. ముందురోజు తెమ్మన్నట్టే కారు వచ్చింది, పాత నూనె దింపేశారు, కొత్త ఫిల్టరు బిగించారు. నేను వాటిలో ఒక డబ్బా దించి, దుమ్ము తుడిచి, చంకలో పెట్టుకుని బయటికి వచ్చాను. ఉస్తాద్ జుమ్మా నమాజుకి టోపీ పెట్టుకుని గేటు దాకా వెళ్లిపోయాడు. "ఉస్తాద్! ఏది పొయ్యమంటారు?" అని అరిచాను. ఆయన వెనక్కి తిరక్కుండానే చెయ్యి ఊపాడు: "చికొన్‌టా దే! చికొన్‌టా! బేగి!"

చికొన్‌దే ఇవ్వమని. 'బేగి' కూడా అన్నాడు చూడండి. అంటే ఆ వాక్యం సగం తెలుగే. ఇంకేం కావాలి? సరైన డబ్బాను చంకలోంచి తీసి, మళ్లీ జాగ్రత్తగా పై అరలో పెట్టాను. డ్రమ్ము దగ్గరికి వెళ్లి కొలపాత్ర నింపి, మేనేజరు గారి పసిబిడ్డలాంటి బండికి గడ్డపెరుగు తాగించాను. నా చేతులతో, ఒక్క చుక్క ఒలకకుండా. జీవితంలో నేను ఏదీ ఒలకబొయ్యకుండా చేసిన పని అదొక్కటే.

ఒంటిగంటకు మేనేజరు గారు వచ్చారు. "అంతా సరిగ్గా పోశారుగా?" "ఉస్తాద్ చెప్పిందే పోశాను సార్." "మూడింటికి బయల్దేరుతున్నాం. అత్తయ్యగారు పొద్దుట్నించీ మంచినీళ్లు కూడా ముట్టలేదు, ఉపవాసం" అని, రెండు వేళ్లతో తలుపు వేసుకుని వెళ్లిపోయారు. నేను బుట్టలోంచి అన్నం డబ్బా తీసుకుని హాయిగా తిన్నాను. ఆ వారంలో నేను హాయిగా తిన్న ఆఖరి అన్నం అది.

రెండు దాటాక ఉస్తాద్ నమాజు నుంచి తిరిగొచ్చాడు. వెంట మెటియాబ్రుజ్ దర్జీ ఒకాయన, పాత స్నేహితుడు. ఆ దర్జీ స్టోరు కిటికీ దగ్గరికి వచ్చి ఒక చిన్న సీసా ముందుకు చాచాడు. "కొంచెం చికొన్ తేల్ ఇవ్వు భాయ్, కుట్టుమిషనుకి."

ఓహో, ఈయనకీ తెలుగొచ్చన్నమాట అనుకుంటూ సీసా డ్రమ్ములో ముంచి ఇచ్చాను. ఆయన సీసా ఎత్తి వెలుతురుకి పట్టుకున్నాడు. వంచాడు. నూనె వంగడానికి ఇష్టపడలేదు. దర్జీ నావైపూ, సీసావైపూ చూసి పెద్దగా నవ్వాడు. "అరే, ఇది ఘొనో! నేనడిగింది చికొన్. సూది సన్నం, దారం సన్నం, వాటికి నూనె కూడా సన్నంగానే ఉండాలి కదా. ఇది పోస్తే నా మిషను రేపు బక్రీదు మేకలా కూర్చుంటుంది!"

నాకు నవ్వు రాలేదు. చికొన్ అంటే సన్నం. సన్నటి దారం, సన్నటి బియ్యం, పల్చటి నూనె. కుట్టుమిషన్ల నుంచి వచ్చిన మనిషి కాబట్టి ఉస్తాద్ ఆ మాటే వాడాడు. నా తెలుగులో చిక్కన, ఆయన బెంగాలీలో చికొన్, ఒకే మాటలా వినిపించి సరిగ్గా ఒకదానికొకటి వీపు చూపించుకుని నిలబడ్డాయి. పుస్తకమూ ఉస్తాదూ మొదటి నుంచీ ఒకే మాట మీద ఉన్నారు. వాళ్లిద్దరినీ విడగొట్టింది నేను.

"ఉస్తాద్" అన్నాను. "ఆ కారుకి..." మిగతాది చెప్పనక్కర్లేకపోయింది. ఆయన డ్రమ్మును చూశాడు, పై అరలో దుమ్ము తుడిచిన ఒక్క డబ్బాను చూశాడు, నన్ను చూశాడు. నోట్లోంచి పాన్ తీసి పారేశాడు. ఉస్తాద్ సగం నమిలిన పాన్ పారెయ్యడం నేనెన్నడూ చూడలేదు. "ఫోన్ చెయ్యి" అన్నాడు. "రోడ్డెక్కనివ్వకు. ఎక్కి ఉంటే, జోరు చెయ్యొద్దని, మెల్లగా ఇక్కడికి తెమ్మని చెప్పు. ఎల్లు!"

మొబైళ్లు ఊళ్లోకి వచ్చాయిగానీ నా జేబులోకి ఇంకా రాలేదు. ఎదురుగా ఉన్న ఫోను బూత్‌లోంచి, మేనేజరు గారు రాసిచ్చిన ఇంటి నంబరుకి చేశాను. వాళ్ల అత్తగారు ఎత్తారు.

"అమ్మా, నూనె గురించండీ! నూనె తప్పయిపోయిందండీ!"

"నూనె ఎందుకు నాయనా, స్వామికి మేం నేతి దీపమే పెడతాం."

"దీపం కాదమ్మా, చిక్కనిది పోసేశాం, పల్చనిది పొయ్యాలి..."

"చిక్కటి నెయ్యే తెచ్చాను, ఊరి నుంచి. గుళ్లో వాళ్లు పల్చనిదే కావాలన్నారా? ఇదేం ఆచారం? సరే నాయనా, అల్లుడు కింద హారన్ కొడుతున్నాడు, ఉంటా." ఫోను పెట్టేశారు. సమయం రెండున్నర. ముందుగానే బయల్దేరుతున్నారు. ఎప్పుడూ ఆలస్యంగా నడిచే ఈ దేశంలో, ఆ ఒక్క కుటుంబమే, ఆ ఒక్క రోజే.

బెహలా నుంచి పూరీకి పోవాలంటే ఖిదిర్‌పూర్ కూడలి దాటి, అక్కడి నుంచి పెద్ద వంతెన ఎక్కాలి. ఎక్కితే ఇక హైవే. హైవే మీద మేనేజరు గారు కాలు తొక్కుతారు, చక్రం లక్ష చుట్లు తిరుగుతుంది, చిక్కటి నూనె ఎక్కడో గొట్టంలో బద్ధకంగా పాకుతూ ఉంటుంది. కూడలిలోనే ఆయన్ని పట్టుకోవాలని బస్సెక్కాను. బస్సు నాలుగు స్టాపులు కదిలి ఆగిపోయింది. కండక్టరు బయటికి తొంగి చూసి, ఆకాశం మబ్బు పట్టిందన్నంత మామూలుగా, "మిఛిల్" అన్నాడు. ఊరేగింపు. ఏ ధర మీదో, ఏ దేశం మీదో కోపంతో రోడ్డు నిండా ఎర్రజెండాలు. దిగి పరుగందుకున్నాను. చెప్పు తెగింది, కళ్ల ముందు మాత్రం ఒకటే దృశ్యం: ఏదో పొలాల మధ్య హైవే, పొగలు కక్కుతున్న బండి, రోడ్డు పక్కన చేతిలో నెయ్యి సీసాతో ఉపవాసం ఉన్న ఒక పెద్దావిడ. (ఇంజిన్లు అలా పేలవని నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు నా ఊహకి లైసెన్సు లేదు.)

ఊరేగింపు పక్కనుంచి పరిగెత్తుతుంటే బట్టతల కామ్రేడ్ ఒకాయన నన్ను ఆపాడు. నేను వెనకబడిపోయి కలుసుకోవడానికి పరిగెత్తుతున్న కార్యకర్తననుకున్నాడు. "ఇంత ఆలస్యమా? పట్టుకో!" అని నా చేతిలో ఒక జెండా పెట్టి వరుసలోకి నెట్టాడు. వాదించే ఊపిరి నాకు లేదు. పైగా వరుసలో ఉంటేనే ముందుకు వెళ్లడం సులభమని అప్పుడే గ్రహించాను. నా ముందు రెండు వందల మంది, వెనక రెండు వందల మంది, అందరూ పిడికిళ్లెత్తి ఒక్క గొంతుతో: "చొల్బే నా! చొల్బే నా!"

చెల్లదు, సాగదు అని వాళ్ల అర్థం. నడవదు, నడవదు అని నా చెవికి. మేనేజరు గారి బండి గురించి కలకత్తా నగరమంతా కలిసి నాకు తీర్పు చెబుతున్నట్టుంది.

కూడలి దగ్గర పోలీసులు ట్రాఫిక్‌ని ఆపేశారు. ఆగిన బండ్ల వరసలో, మూడోది, బూడిదరంగు అక్షరాలు. ఇంజిన్ నడుస్తూనే ఉంది. నేను వరుస తెంచుకుని, జెండాతో సహా వెళ్లి అద్దం మీద కొట్టాను. మేనేజరు గారు లోపల్నుంచి తాళం వేసుకున్నారు. రెండోసారి కొట్టాక గుర్తుపట్టి అద్దం నాలుగు వేళ్లంత దించారు.

"నువ్వా? ఇదేంటయ్యా? ఈ జెండా ఏంటి?"

"జెండా నాది కాదు సార్. నూనె నాది."

వెనక సీట్లోంచి అత్తగారు ముందుకు వంగారు. "దీపం నూనె అబ్బాయివి నువ్వేనా నాయనా? అంత దూరం పరిగెత్తుకొచ్చావా, గుడివాళ్లు పంపారా?"

చెప్పేశాను. చికొన్, చిక్కన, డ్రమ్ము, డబ్బా, అన్నీ, ఒకే ఊపిరిలో, సరైన వరసలో కాకుండా. మేనేజరు గారి మొహంలో రంగు మెల్లగా దిగిపోయింది, పాత నూనె దించినట్టు. "ఇరవై-యాభైయా? నా బండిలోనా? టర్బో పోతుందా?"

"తెలీదు సార్."

"ఇప్పటికే పోయిందా?"

"అదీ తెలీదు సార్. ఉస్తాద్ చూసి చెప్తాడు. మీరు కాలు నొక్కకుండా, మెల్లగా వెనక్కి రావాల."

"ఎలా రావాలయ్యా, చుట్టూ చూశావా?"

"చొల్బే నా!" అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. ముందు సీట్లో మేనేజరు గారి భార్య కళ్లు మూసుకున్నారు. నిద్రో, ప్రార్థనో తెలియలేదు.

నేను చూశాను. గ్యారేజీ వైపు పోవాలంటే ఊరేగింపుకి ఎదురుగా పోవాలి. చేతిలో జెండా ఉంది. అంతకుమించి నా దగ్గర ఏ ఆలోచనా లేదు. కారు ముందుకి వెళ్లి, జెండా రెండు చేతులా పైకెత్తి, నడవడం మొదలుపెట్టాను. నా వెనకాల కారు, పెళ్లికొడుకు గుర్రంలా. ఎదురొచ్చే వరుసలో ఒకతను ఆపాడు. "లోపలెవరు దాదా?"

"మాశీమా" అన్నాను. పిన్నిగారని. అబద్ధమేం కాదు, ఎవరో ఒకరికి పిన్నే అయ్యుంటారు. "ఆంధ్రా నుంచి వచ్చారు."

అతను లోపలికి తొంగి చూశాడు. తెల్లజుట్టు, విభూతి, చేతిలో మూటతో కూర్చున్న అత్తగారు, ఎవరు చూసినా నమస్కారం పెట్టే అలవాటున్న మనిషి, రెండు చేతులూ జోడించారు. ఎక్కడి నాయకురాలో అనుకున్నాడేమో, వెనక్కి తిరిగి, "దారివ్వండి, దారివ్వండి! ఆంధ్రా మాశీమా!" అని కేకేశాడు. వరుస రెండుగా చీలింది. కొందరు పిడికిళ్లెత్తారు. అత్తగారు అందరికీ పేరుపేరునా నమస్కరించారు. "చాలా మర్యాదస్తులు ఈ ఊరివాళ్లు" అనడం నాకు అద్దంలోంచి వినిపించింది. మేనేజరు గారు మాత్రం స్టీరింగు మీదికి వంగి, ఇంజిన్ చప్పుడు తప్ప ప్రపంచంలో ఇంకేదీ వినకుండా, కన్నీళ్లకు ఒక మెట్టు ఇవతల కూర్చుని నడిపారు. నడక వేగంలో. రెండు కిలోమీటర్లు.

గ్యారేజీ గేటు దగ్గర ఉస్తాద్ నిలబడే ఉన్నాడు. కారు లోపలికి పోనివ్వమని చెయ్యి ఊపాడు. తిడితే బాగుండునని నాకనిపించింది, తిట్లు తినడం నాకు అలవాటే. నూనె దింపారు. అది పళ్లెంలోకి నింపాదిగా, నా ఉద్యోగం కొలుస్తున్నట్టు దిగింది. పై అరలో డబ్బా ఈసారి ఉస్తాద్ స్వయంగా వెళ్లి తెచ్చుకున్నాడు. పోశాడు. మేనేజరు గారికి తాళం తిప్పమని సైగ చేసి, పొడవాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నేను అద్దంలోంచి మీటర్ల మధ్యన ఉన్న ఎర్ర దీపాన్నే చూస్తున్నాను. నూనె పైదాకా చేరితే ఆరిపోయే దీపం అది. ఇంజిన్ అందుకుంది. దీపం ఆరింది. ఉస్తాద్ కళ్లు తెరవలేదు. కాస్త కాలు నొక్కమన్నాడు. లోపలెక్కడో సన్నగా, దూరంగా ఎవరో ఈల వేసినట్టు, టర్బో తిరిగింది. ఉస్తాద్ ఇంకా తెరవలేదు. ఆయన వింటున్నాడో, నిద్రపోయాడో, నాకు శిక్ష ఆలోచిస్తున్నాడో తెలియక నేను నిలబడ్డచోటే ముసలివాణ్నయ్యాను.

కళ్లు తెరిచాడు. "ఏమీ కాలేదు" అన్నాడు. "బెహలా నుంచి ఖిదిర్‌పూర్ దాకా పాకింది, ఖిదిర్‌పూర్ నుంచి ఇక్కడికి నడిచింది. పాకే బండిలో టర్బో తిరిగేదెక్కడ? మిఛిల్ కాపాడింది, వాళ్లకి చందా ఇవ్వండి."

"హైవే ఎక్కి ఉంటే?" అని మేనేజరు గారు నన్ను అడిగారు. నేను ఉస్తాద్‌ని అడిగాను. ఆయన చేతులు తుడుచుకుంటూ చెప్పాడు: పూరీ పోయేది, తిరిగొచ్చేది. రోజూ పొద్దున్న స్టార్ట్ చేసినప్పుడల్లా నూనె అందేదాకా లోపల కొంచెం కొంచెం అరిగేది. ఎవరికీ వినిపించదు. ఏ ఏడాదికో, రెండేళ్లకో ఒకరోజు పోయేది. అప్పుడు ఎవరు చంపారో ఎవరికీ తెలియదు.

ఆ మాటలు తెలుగులో నేనే మేనేజరు గారికి చెప్పాను. చివరి వాక్యం మింగేద్దామనుకున్నాను, అదీ చెప్పేశాను. ఆయన ప్లాస్టిక్ తొడుగు మీద వేలితో గీస్తూ కూర్చున్నారు. అత్తగారు వెనకనుంచి, "ఇంకా పూరీ వెళ్తున్నామా, లేదా?" అని అడిగారు. "వెళ్తున్నామత్తయ్యా" అని, నావైపు తిరిగారు.

"ఏడాది తర్వాత పోయుంటే, నీ పేరు కూడా నాకు గుర్తుండేది కాదు. ఫోన్ చేశానుగా అని ఊరుకున్నా నిన్నడిగేవాళ్లు లేరు. ఎందుకు పరిగెత్తావయ్యా?"

నాకు ఏ మాటకైనా ఎదురుమాట ఉండేది. మా ఇంట్లో చావు పలకరింపులకు వెళ్లేటప్పుడు నన్ను వదిలేసి వెళ్లేవాళ్లు, నోరూరుకోదని. అప్పుడు మాత్రం, తెగిన చెప్పు చేతిలో పట్టుకుని, "ఏటో సార్" అన్నాను.

ఆయన తల ఊపి, రెండు వేళ్లతో కాదు, మామూలుగా, ధడాలున తలుపేసుకుని వెళ్లిపోయారు. ఉస్తాద్ నన్ను పని మానెయ్యమనలేదు. ఆ సాయంత్రం కొత్త పాన్ కట్టించుకుని, దర్జీని పిలిచి, నా కథ మొదటి నుంచీ నటించి చూపించాడు. మెటియాబ్రుజ్‌లో ఆ కథ ఎన్ని దుకాణాలు తిరిగిందో, ఎన్నిచోట్ల నాకు మీసాలూ తోకా వచ్చాయో నాకు తెలియదు.

ఇప్పుడు నాకు ఒక చిన్న స్టోరు ఉంది, నూనె రకాలు పద్దెనిమిది, అన్నీ నాకు కంఠతా వచ్చు. మేనేజరు గారి ప్రశ్నకి కూడా నా దగ్గర నాలుగైదు మంచి జవాబులు తయారయ్యాయి, ఒక్కొక్కటీ నవ్వించేది. అప్పటి ఆ కుర్రాడికి అవేవీ రావు, వాడికి పరిగెత్తడమే వచ్చు. ఈ మధ్య ఒకసారి, ఒకాయనకి ఇచ్చిన నూనె సరైనదేనా అని అనుమానం వచ్చింది. మెసేజ్ పెట్టాను. ఆయన చూసినట్టు నీలం గుర్తు రాలేదు. రేపు చూద్దాంలే అనుకుని, భోంచేసి, మర్నాడు ఫోన్ చేశాను. పరిగెత్తలేదు. ఎవరైనా అడిగితే మోకాళ్లు మునుపట్లా లేవని చెబుతాను. డాక్టరు మాత్రం నా మోకాళ్లు బాగానే ఉన్నాయంటున్నాడు.